హైదరాబాద్‌లో ఎస్‌యూవీ: డీజిలా, పెట్రోలా, హైబ్రిడా? ఏది మేలు?

కొత్త ఎస్‌యూవీ కొనాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది "డీజిల్ తీసుకోవచ్చా, మెయింటెనెన్స్ బాగా ఎక్కువంట కదా?" అని. నేను తిరిగి అడిగేది మాత్రం వేరే. మీ ఇల్లెక్కడ, ఆఫీసెక్కడ, సొంతూరికి ఎన్నాళ్లకోసారి వెళ్తారు? ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు అన్నది ఆ తరువాతి మాట. ఏడాదికి ఇరవై వేలు తిరిగినా అదంతా మాదాపూర్, కొండాపూర్ సిగ్నళ్ల మధ్యే అయితే డీజిల్ వద్దంటాను. పన్నెండు వేలే తిరిగినా అందులో సగం ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద, విజయవాడ హైవే మీద అయితే ఇంకేం ఆలోచించకుండా డీజిల్ తీసుకోమంటాను. నేను నడిపేది 2.2 లీటర్ల డీజిల్ మాన్యువల్, ఇంకో బండి కొనాల్సి వచ్చినా డీజిలే కొంటాను, కానీ అందరికీ అదే చెప్పడం తప్పు.

ముందు డబ్బుల సంగతి. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో పెట్రోల్ లీటరు 107 రూపాయల చిల్లర, డీజిల్ 95 రూపాయల చిల్లర అయ్యాయి, ఇక్కడి లెక్కలన్నీ ఆ ధరలతోనే. అంటే తేడా పన్నెండు రూపాయలే, ఒకప్పటిలా ఇరవై పైన కాదు. క్రెటా, సెల్టోస్ సైజు బండి సిటీలో లీటరుకు డీజిల్ అయితే 14, పెట్రోల్ అయితే 11 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు డీజిల్‌కి ఆరు రూపాయల ఎనభై పైసలు, పెట్రోల్‌కి తొమ్మిది రూపాయల డెబ్బై పైసల పైన పడుతుంది. మూడు రూపాయల మిగులు. ఏడాదికి 15,000 తిరిగితే 44,000 రూపాయల దాకా మిగులుతాయి. డీజిల్ మోడల్‌కి ఆన్‌రోడ్ మీద లక్షా ఎనభై వేలు ఎక్కువ పెట్టారనుకుంటే, నాలుగేళ్లకు ఆ డబ్బు వెనక్కి వచ్చేసినట్టే. అదే ఏడాదికి 8,000 తిరిగే ఇల్లయితే ఏడున్నరేళ్లు దాటుతుంది, ఈలోపు బండి మార్చేస్తారు. షోరూమ్‌లో చెప్పే ఎక్స్‌షోరూమ్ తేడాను పట్టుకుని లెక్క వేసుకోకండి. పది లక్షలు దాటిన బండికి తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ 17 శాతానికి తగ్గదు, కాబట్టి డీజిల్‌కి ఎక్కువ పెట్టే ప్రతి లక్ష మీదా ఇంకో పదిహేడు వేలు పడుతుంది, ఇన్సూరెన్స్ కూడా దాన్నిబట్టే పెరుగుతుంది.

నాలుగు మీటర్ల లోపు చిన్న డీజిల్ ఎస్‌యూవీలది వేరే లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి 1500 సీసీ లోపు డీజిల్ ఇంజన్ ఉండి, నాలుగు మీటర్లు దాటని బండికి జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు సెస్‌తో కలిపి 31 శాతం ఉండేది. నెక్సాన్, వెన్యూ, సోనెట్, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ డీజిళ్లన్నీ ఇందులోకి వస్తాయి. నాలుగు మీటర్లు దాటినవాటిలో 1500 సీసీ లోపు వాటికి 45 నుంచి, అంతకంటే పెద్ద ఇంజన్ ఉన్న ఎస్‌యూవీలకు 50 నుంచి 40కి తగ్గింది. బడ్జెట్ పన్నెండు, పదమూడు లక్షల దగ్గర ఆగిపోయి, వారం వారం ఊరికి వెళ్లే ఇల్లయితే ముందు ఈ చిన్న డీజిళ్లు చూడండి. వీటిని చాలామంది పట్టించుకోవడం లేదు, అది నాకు బాధగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్). 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ప్రతి డీజిల్ కారుకీ సైలెన్సర్ దారిలో ఈ ఫిల్టర్ పెడుతున్నారు. పొగలోని మసిని అది పట్టుకుంటుంది. పట్టుకున్న మసి ఎక్కడికీ పోదు, అక్కడే కాలిపోవాలి. కాలాలంటే ఫిల్టర్ లోపల 600 డిగ్రీల దాకా వేడి రావాలి. హైవే మీద బండి ఒక ఇరవై నిమిషాలు ఆగకుండా నడిస్తే ఆ పని దానంతటదే జరిగిపోతుంది, డ్రైవర్‌కి తెలియను కూడా తెలియదు. ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆఫీసు బేస్‌మెంట్‌లో పెట్టి, సాయంత్రం మళ్లీ అదే నాలుగు కిలోమీటర్లు వచ్చే బండిలో ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తారు. ఫిల్టర్‌ని వేడి చేయడానికి ఇంజన్ కొంచెం డీజిల్ అదనంగా కొట్టడం మొదలుపెడుతుంది, మధ్యలో మీరు కీ తిప్పేస్తారు. మళ్లీ మొదలు, మళ్లీ ఆపడం. ఆ కాలని డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది.

ఇది కళ్లారా చూశాను. మా ఆఫీసులో ఒకతనిది కొత్త డీజిల్ ఎస్‌యూవీ, ఇల్లు కొండాపూర్, ఆఫీసు హైటెక్ సిటీ. డాష్‌బోర్డు మీద డీపీఎఫ్ పసుపు లైటు వస్తోందని అంటే పార్కింగ్‌లోనే బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీశాం. తుడిచి మళ్లీ పెట్టి తీస్తే ఆయిల్ మ్యాక్స్ గీత దాటి వేలెడు పైకి ఉంది. మామూలుగా ఆయిల్ తగ్గుతుంది గానీ పెరగదు కదా. వేలికి రాసుకుంటే నీళ్లలా పల్చగా ఉంది, డీజిల్ వాసన గుప్పుమంది. ఆ పల్చని ఆయిల్‌తోనే టర్బో తిరుగుతోంది, బేరింగులకు అందుతున్నదీ అదే. అది చూశాక "సర్వీస్ డేట్ ఇంకా రాలేదు" అనుకుంటూ కూర్చోకూడదు, వెంటనే ఆయిల్ మార్పించాలి. మార్పించాడు. ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ ఆ బండి చూసి అన్నమాట ఇప్పటికీ అందరికీ చెబుతాను: "అన్నా, ఇది లాంగ్ పోయే బండి, దీన్ని గల్లీలల్లనే తిప్పితే ఎట్ల?"

లైటు వచ్చిన మొదట్లోనే అయితే పరిష్కారం తేలికే, పైగా మన ఊళ్లో దానికి బ్రహ్మాండమైన రోడ్డు ఉంది. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్. నార్సింగి దగ్గర ఎక్కి, ఒక గేరు తక్కువలో, ఆర్‌పీఎం రెండు వేల పైన ఉండేలా, ఎనభై స్పీడు దగ్గర నిలకడగా శంషాబాద్ దాకా పోనివ్వండి. చాలాసార్లు అక్కడికి వెళ్లేలోపే లైటు ఆరిపోతుంది. ఆరిపోయింది కదా అని వెంటనే ఎగ్జిట్ తీసుకుని ఆపేయకండి, ఇంకో పది కిలోమీటర్లు వెళ్లి తిరిగి రండి. లైటును వారాల తరబడి పట్టించుకోకపోతే మాత్రం బండి పికప్ తగ్గించేసి లింప్ మోడ్‌లోకి వెళ్తుంది, అప్పుడు సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి కాల్చాల్సిందే, అప్పటికీ కాకపోతే ఫిల్టర్ మార్చాలి, బిల్లు లక్షల్లోకి పోతుంది. కొన్ని గ్యారేజీల వాళ్లు డీపీఎఫ్‌ని కోసి ఖాళీ చేసి, సాఫ్ట్‌వేర్ మార్చేసి "ఇక టెన్షన్ ఉండదు" అంటారు. దయచేసి ఆ పని చేయించకండి. వారంటీ పోతుంది, చట్టానికీ విరుద్ధం. వీటన్నిటికంటే ముందు, ఆ మసి అంతా సిగ్నల్ దగ్గర మీ వెనక స్కూటర్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్తున్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బండికి అంత ఖర్చు పెట్టగలిగినవాళ్లు ఇది చేయకూడదు.

యాడ్‌బ్లూ అనేది ఇంకోటి, ఎక్స్‌యూవీ700 డీజిల్ లాంటి వాటిలో ఉంటుంది. యూరియా కలిపిన నీళ్లు, దానికి వేరే ట్యాంకు, నీలం మూత. వెయ్యి కిలోమీటర్లకు సుమారుగా ఒక లీటరు తాగుతుంది, ఖర్చు పెద్ద లెక్కలోది కాదు. రెండు జాగ్రత్తలు చాలు. పూర్తిగా అయిపోనివ్వకండి, అయిపోయాక బండి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. బంకులో కుర్రాడికి వదిలేయకుండా దిగి నిలబడి పోయించుకోండి, ఎందుకంటే అది డీజిల్ ట్యాంకులో పడిందంటే పంపు దగ్గర్నుంచి ఇంజెక్టర్ల దాకా అన్నీ పాడవుతాయి.

మిగతా మెయింటెనెన్స్ జనం భయపడేంత ఉండదు. ఆయిల్ ఎక్కువ పడుతుంది, 2.2 ఇంజన్లకు ఆరు లీటర్ల దరిదాపు, అదీ డీపీఎఫ్‌కి సరిపోయే తక్కువ బూడిద రకమే పోయాలి. తెలియని చోట "సింథటిక్ సార్, మంచిదే" అని ఏదో ఒకటి పోసేస్తారు, డబ్బా వెనక స్పెసిఫికేషన్ మాన్యువల్‌తో సరిపోలిందో లేదో మీరే చూసుకోండి. డీజిల్ ఫిల్టర్‌ని టైముకు మార్పించండి, వానాకాలం ముందు అందులోని నీళ్లు తీయించండి. క్లచ్ పోతే మాత్రం నొప్పే, చాలా డీజిళ్లలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజన్ అదురును తగ్గించే బరువైన చక్రం) ఉంటుంది, క్లచ్‌తో పాటు అదీ మార్చాల్సి వస్తే పెట్రోల్ బండికి అయ్యేదానికి రెండు మూడింతలు అవుతుంది. కూకట్‌పల్లి, అమీర్‌పేట ట్రాఫిక్‌లో సగం క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు ఉన్నవాళ్లు డీజిల్ తీసుకుంటే ఆటోమేటిక్ తీసుకోండి.

వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ సర్వీసే, అందులో రెండో ఆలోచన లేదు, వీలైతే ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకోండి. బీఎస్6 డీజిల్‌లో ఖరీదైనవన్నీ ఇంజెక్టర్లు, టర్బో, డీపీఎఫ్, సెన్సర్లు, వాటిలో ఒక్కటి పోయినా వారంటీకి కట్టిన డబ్బు వచ్చేసినట్టే. వారంటీ అయ్యాక బ్రేకులు, సస్పెన్షన్ లాంటివి బయట మంచి గ్యారేజీలో చేయించుకోవచ్చు, స్కానర్ లేని చోట మాత్రం డీజిల్ ఇంజన్ మీద చెయ్యి వేయనివ్వకండి.

ఇక హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీ, ఎలక్ట్రిక్ మోటార్ కూడా ఉన్న బండి. సిటీలోనే తిరిగే ఇంటికి నా ఓటు దీనికే. మా బావ మియాపూర్ నుంచి బంజారాహిల్స్‌కి హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో వెళ్లొస్తాడు, ట్రాఫిక్ ఎంత ఎక్కువుంటే అంత సంతోషంగా ఉంటాడు, ఎందుకంటే నత్తనడక నడిచేటప్పుడు ఇంజన్ ఆగిపోయి మోటార్ మీదే పోతుంది. కంపెనీ చెప్పే 27.97 మైలేజ్ ఎవరికీ రాదు గానీ సిటీలో 22 వచ్చినా కిలోమీటరుకు ఐదు రూపాయల లోపే, డీజిల్ కంటే దాదాపు రెండు రూపాయలు తక్కువ. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. అయితే హైవే ఎక్కగానే ఆ లాభం కరిగిపోతుంది. అక్కడ డీజిల్ 18, హైబ్రిడ్ 19 ఇచ్చాయనుకుంటే డీజిలే చౌక. పైగా బ్యాటరీ వల్ల డిక్కీ చిన్నదైపోయింది, సంక్రాంతికి ఊరెళ్తే బియ్యం మూట, పచ్చడి జాడీలు, సూట్‌కేసులు అన్నీ పట్టవు. ఐదుగురు కూర్చుని శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తుంది. అదే ఘాట్‌లో నా డీజిల్ మూడో గేరులో, అరుపూ కేకా లేకుండా, వెనక సీట్లో అమ్మ నిద్ర చెడకుండా ఎక్కేస్తుంది. కింది ఆర్‌పీఎంలోనే వచ్చే ఆ టార్క్ (బండిని లాగే బలం) కోసమే నేను మిగతా బాధ్యతలన్నీ ఇష్టంగా మోస్తున్నాను. క్రెటా 1.5 సంగతే చూడండి, పెట్రోల్, డీజిల్ రెండింటి పవరూ 115 పీఎస్ దగ్గరే, టార్క్ మాత్రం పెట్రోల్‌కి 144 ఎన్ఎం, డీజిల్‌కి 250.

మామూలు పెట్రోల్ ఎవరికంటే, ఏడాదికి ఏడెనిమిది వేలకు మించి తిరగనివాళ్లకు, రిటైరైనవాళ్లకు, బండి ఎక్కువగా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉండేవాళ్లకు. కొనేటప్పుడు తక్కువ, సర్వీసు తక్కువ, తలనొప్పి తక్కువ. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చాక మైలేజ్ కాస్త తగ్గిందన్నది నిజం, అది లెక్కలో వేసుకోండి. టర్బో పెట్రోల్ జోలికి పోతే మాత్రం సిటీలో సింగిల్ డిజిట్ మైలేజ్‌కి సిద్ధపడాలి. ఇంట్లో చార్జింగ్ పాయింట్ పెట్టుకోగలిగితే ఎలక్ట్రిక్ కూడా చూడండి, 2026 డిసెంబర్ 31 దాకా తెలంగాణలో దానికి రోడ్ ట్యాక్స్ లేదు. హైబ్రిడ్‌కి ఆ మినహాయింపు లేదు.

సెకండ్ హ్యాండ్ డీజిల్ చూస్తున్నవాళ్లకు ఒక మాట. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిళ్ల మీద 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్), 2018లో సుప్రీం కోర్టు ఆంక్షలు పెట్టాక అక్కడి బండ్లు ఇక్కడికి బాగా వస్తున్నాయి. ఫార్చ్యూనర్, ఎండీవర్ లాంటివి ఆశపెట్టే ధరలో కనబడతాయి. మన దగ్గర ఆ పదేళ్ల రూల్ లేదు, రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది, కాబట్టి కొనడం తప్పేం కాదు. కానీ ధర మాట్లాడే ముందే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్‌టీఏ ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతిలో ఉందా లేదా చూడండి, "వస్తుంది సార్, వారంలో" అంటే నమ్మకండి. లోన్ క్లియరెన్స్, పెండింగ్ చలాన్లు కూడా చూసుకోండి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబర్ టీజీకి మార్పించుకోవడానికి ఎంతవుతుందో ఆర్‌టీఏలో కనుక్కుని, ఆ మొత్తాన్ని బండి ధరలో కలుపుకున్నాకే బేరానికి కూర్చోండి. బండిని పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూస్తానని చెప్పండి. మీరు వెళ్లేసరికే వాళ్లు స్టార్ట్ చేసి వేడి చేసి పెడితే, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.