పాల లెక్క కింద నా మూడ్ లెక్క: రెండున్నరేళ్ల అనుభవం

నాకు బైపోలార్ (మూడ్ కొన్నాళ్లు బాగా కుంగిపోయి, కొన్నాళ్లు హద్దు దాటి ఎగిసే జబ్బు) అని తేలినప్పుడు డాక్టరుగారు మందులు రాసిచ్చి, రోజూ మూడ్ చార్ట్ కూడా రాయమన్నారు. మరీ దిగులుగా ఉంటే మైనస్ 3, మామూలుగా ఉంటే సున్నా, హుషారు హద్దు దాటితే ప్లస్ 3. పక్కన నిద్ర ఎన్ని గంటలు, మాత్ర వేసుకున్నానా లేదా. అంతే.

మొదట ఫోన్‌లో యాప్ పెట్టుకున్నాను. ఫోన్ మార్చేటప్పుడు బ్యాకప్ తీసుకోవడం మర్చిపోయి నాలుగు నెలల లెక్క పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి కిరాణా కొట్టువాళ్లు ఊరికే ఇచ్చిన గోడ క్యాలెండరే నా చార్ట్. ఒక్కో గడిలో పైన అమ్మ రాసే పాల లెక్క, కింద నాది. "ఈ మైనస్ రెండేంటే, పాలబ్బాయికి బాకీ ఉన్నామా?" అని అడిగింది ఓ రోజు. విడమరిచి చెప్పాక, నేను మర్చిపోతే తనే గుర్తు చేస్తోంది.

ఇంతకీ బాగా పనికొచ్చింది మూడ్ అంకె కాదు, నిద్ర అంకె. పోయినేడు మార్చిలో ఒక వారం 7, 6, 4, 3 అని ఉంది. ఆ వారం నేను భేషుగ్గా ఉన్నాననే అనుకున్నాను. అర్ధరాత్రి బీరువా అంతా సర్దాను, ఆన్‌లైన్‌లో నాలుగు చీరలు ఆర్డర్ పెట్టాను, అలసటే లేదు. మూడ్ దగ్గర మాత్రం బుద్ధిగా ప్లస్ 1 వేసుకున్నాను! నిద్ర దగ్గర ఆ 3 చూసి అమ్మే డాక్టరుగారికి ఫోన్ చేయించింది. మందు మార్చారు, పది రోజుల్లో సర్దుకుంది. మొదటిసారి ఇదే తంతు ఆసుపత్రిలో చేరేదాకా వెళ్లింది.

అమావాస్యకి, పున్నమికి ఎక్కువవుతుందని మా పెద్దమ్మ నమ్మకం. క్యాలెండర్‌లో అవి అచ్చయ్యే ఉంటాయి కదా, సరిచూశాను. పొంతనే లేదు. నెలసరికి నాలుగైదు రోజుల ముందు మాత్రం మైనస్‌లు వరుసకట్టాయి. ఆ సంగతి నాకసలు తట్టనేలేదు. అపాయింట్‌మెంట్‌లో "ఈ నెల ఎలా గడిచింది?" అంటే ఆ పూట ఎలా ఉంటే నెలంతా అలాగే ఉన్నట్టు చెప్పేదాన్ని. ఇప్పుడు పేజీ ఫోటో చూపిస్తున్నాను.

లోపాలూ ఉన్నాయి. బాగా కుంగిన రోజుల్లో పెన్ను పట్టుకోబుద్ధి కాదు, కాబట్టి అసలు రాయాల్సిన రోజులే ఖాళీగా మిగులుతాయి. ఆ గళ్లలో అమ్మ చుక్క పెడుతుంది. కొత్తలో గంటగంటకీ నన్ను నేను తరచి చూసుకుని, మైనస్ 1 వేసినా టెన్షన్ పడేదాన్ని. ఇప్పుడు రాత్రి మాత్ర వేసుకున్నాక ఒక్కసారే. ఇంటికొచ్చినవాళ్లు చూస్తారని ఇబ్బంది అనిపించేవాళ్లకు నోటు పుస్తకం మేలు.

చార్ట్ రాస్తే జబ్బు తగ్గదు, మాత్రలు మాత్రలే. చచ్చిపోవాలనిపించిన రోజున అంకె వేసి ఊరుకోకూడదు. క్యాలెండర్ అట్ట మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెద్దగా రాసిపెట్టుకున్నాను. డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ జనవరిలో ఇచ్చిన క్యాలెండర్‌లో గళ్లు చిన్నవి. అమ్మ తన పాల లెక్కను పేజీ వెనక్కి మార్చేసుకుంది.