మారిషస్‌లో బస నైరుతి వైపే

మారిషస్ వెళ్లేవాళ్లలో చాలామంది ఉత్తరాన గ్రాండ్ బేలో దిగుతారు. మేం నైరుతి తీరాన లా గాలెట్ ఊళ్లో, ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. గది చిన్నది, ఏసీకి చప్పుడెక్కువ. అయినా వంటిల్లు వాడుకోనిచ్చారు, బాల్కనీలోంచి ల మోర్న్ కొండ నిండుగా కనిపించేది. మళ్లీ వెళ్లినా అక్కడే ఉంటాను.

ఆ కొండ ఎత్తు 556 మీటర్లు. యజమానుల నుంచి పారిపోయిన బానిసలు దానిమీద దాక్కునేవారు. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు వస్తుంటే, పట్టుకోవడానికే అనుకుని పైనుంచి దూకేశారని స్థానికుల కథ. ఎండ ముదరకముందే ఎక్కాలి. మొదటి సగం నడకే, ఆ తర్వాత బండలు పట్టుకుని పాకాలి. పిల్లలతో వద్దు.

చమరెల్‌లోని ఏడు రంగుల నేల ఫోటోల్లో కనిపించినంత పెద్దది కాదు, అరగంట చాలు. అగ్నిపర్వతపు రాయి శిథిలమై, మిగిలిన ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల వల్ల వచ్చిన రంగులవి.

నన్ను కట్టిపడేసింది మాత్రం చెరకు. రోడ్డుకు రెండు పక్కలా అదే. తుపానుకు పడినా మళ్లీ లేచే పంట కాబట్టే ఈ దీవిలో నిలిచింది. ఒకసారి నాటి, ఏళ్ల తరబడి కార్సి తోటలే (నరికిన మోళ్ల నుంచి మళ్లీ చిగురించే పంట) తీస్తారు. పొలాల మధ్య నల్లరాళ్ల గుట్టలు చూసి గుడులేమో అనుకున్నాను. దున్నడానికి వీలుగా కూలీలు చేతులతో ఏరి పోసిన రాళ్లట. ఆ కూలీల్లో మన కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లూ ఉన్నారు. అందుకే ఇక్కడ తెలుగువాళ్లను కోరంగీలనేవారు. ఇప్పుడు ఉగాది ఆ దేశమంతటికీ సెలవు. ఆ కూలీల సంగతి విన్నాక ఆ గుట్టల ముందు ఫోటో దిగడానికి నాకు మనసొప్పలేదు.

గంగా తలావ్ అగ్నిబిలంలో ఏర్పడిన సరస్సు. శివుడి జటలోని గంగ చుక్కలు రాలి పుట్టిందని భక్తుల నమ్మకం. ఒడ్డున 108 అడుగుల శివుడి విగ్రహం. మంచు దిగితే చలేస్తుంది, స్వెటర్ ఉంచుకోండి.

తిండికి ఢోల్ పురీ బండ్లే మేలు: బెల్లం లేని బొబ్బట్టులా ఉంటుంది, చిక్కుడు గింజల కూరతో ఇస్తారు. మేం మాట్లాడుకున్న కారు డ్రైవర్ అడగకుండానే బహుమతుల షాపులకు తిప్పాడు. ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకోండి. తీరం వెంట తిరగడానికి బస్సులు చాలు, కాకపోతే చీకటి పడ్డాక పల్లెల వైపు దొరకవు.