చెన్నైలో మూడు రోజులు: ఎక్కడ దిగితే మేలు? మైలాపూరా, ట్రిప్లికేనా, టి.నగరా?

సంక్రాంతి హడావుడి తగ్గగానే మా బంధువుల్లో ఎవరో ఒకరు ఫోను చేసి అడిగే ప్రశ్న ఒకటుంది. ‘చెన్నై వెళ్దామనుకుంటున్నాం, ఊరికే ఓ మూడు రోజులు. ఎక్కడ దిగమంటావు?’ ఏడాదికి రెండుసార్లయినా నేను ఆ ఊరు వెళ్లి వస్తానని వాళ్లకు తెలుసు. ఏ పనీ లేకుండానే వెళ్తానని కూడా తెలుసు. అందుకే నన్ను అడుగుతారు. అడిగి, నేను చెప్పిందంతా ఓపికగా విని, చివరికి టి.నగర్‌లో దిగుతారు. మొన్న మా తోడల్లుడి వంతు వచ్చింది. చెప్పిందే చెప్పడం విసుగొచ్చి ఈసారి రాసి పెడుతున్నాను.

ఆసుపత్రి పని మీదో వీసా పని మీదో వెళ్లేవారికి ఇది పనికిరాదు. పని ఎక్కడుంటే వాళ్లు అక్కడే దిగాలి. మొదటిసారి వెళ్తూ మెరీనా, మహాబలిపురం, మొసళ్ల పార్కు అని జాబితా రాసుకున్నవారికీ పెద్దగా అక్కరకు రాదు. ఒకసారి చెన్నై చూసేసి, మళ్లీ ఊరు చూడటానికి కాక ఊళ్లో ఉండటానికి వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. విజయవాడ నుంచి 430 కిలోమీటర్లు. పొద్దున్నే పినాకిని ఎక్కితే భోజనాల వేళకు సెంట్రల్‌లో ఉంటాం.

గది వెతికేవాళ్లు అద్దె ఎంత, ఏసీ ఉందా, స్టేషనుకు ఎంత దూరం అని చూస్తారు. నేను చూసేది ఒకటే. మధ్యాహ్నం పన్నెండున్నరకు పది నిమిషాల్లో గదికి నడిచి వచ్చి, తలుపు వేసుకుని పడుకోగలనా?

ఇది సోమరి ప్రశ్నలా కనిపిస్తుంది కానీ చెన్నై స్వభావం అలాంటిది. అది రెండు పూటల ఊరు. అయిదింటికే లేస్తుంది. పాలు, పూలు, ముగ్గులు, గుడి, కాఫీ, పొంగలి అన్నీ తొమ్మిదిలోపే. పన్నెండు దాటాక గుళ్లు మూసేస్తారు, మళ్లీ నాలుగింటికి గానీ తెరవరు. టిఫిను హోటళ్లలో పొద్దుటి సరుకు అయిపోయి ఉంటుంది, సాయంత్రం బజ్జీలకు ఇంకా బాణలి ఎక్కించరు. ఎండ సరేసరి. జనవరిలో కూడా మిట్టమధ్యాహ్నం చొక్కా వీపుకు అంటుకుపోతుంది. ఆ మూడు గంటలూ ఊరివాళ్లు నీడపట్టున ఉంటారు. మనం మాత్రం ‘ఇంత దూరం వచ్చి గదిలో కూర్చోవడమా’ అని ఏ మాల్‌లోనో దూరి, మన ఊళ్లోనూ ఉన్న దుకాణాలనే చూసి, సాయంత్రానికి కాళ్లు ఈడ్చుకుంటూ, అసలు ఊరు మళ్లీ మేలుకునే వేళకు నీరసపడిపోతాం. గది దగ్గరలో ఉంటే ఒక కునుకు తీసి, మూడున్నరకు స్నానం చేసి, ఒకే రోజులో రెండో ఉదయం మొదలుపెట్టవచ్చు. మూడు రోజుల యాత్ర ఆరు రోజులవుతుంది.

ఈ లెక్కన టి.నగర్ సంగతి ముందు తేల్చేద్దాం. పదేళ్లకు పైగా మేమూ అక్కడే దిగాం. తెలుగువాళ్లకు అది పరాయి పేట కాదు. పేరులోని త్యాగరాయ, చాలామంది అనుకున్నట్లు సంగీత త్యాగరాజు కాదు, జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి. పానగల్ పార్కు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా ఉన్న పానగల్ రాజా రామరాయణింగారి పేరు మీద ఉంది. ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల ఇల్లు, బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇల్లు ఉండేవి. తిరుపతి యాత్రకు వచ్చిన బస్సులు ఎన్టీఆర్ దర్శనం కోసం ఇక్కడి దాకా వచ్చేవని మా నాన్నగారి తరం కథలు కథలుగా చెప్పుకునేది. 2019లో పాండీ బజారు కాలిబాటలు వెడల్పు చేసి బెంచీలు వేశారు. 2023లో మాంబళం స్టేషను నుంచి బస్టాండు దాకా ఆకాశ వంతెన కట్టారు. నడక మునుపటికన్నా నయం.

అయినా ఉదయం ఆరింటికి గది తలుపు తీసి కిందికి దిగితే మనకు స్వాగతం చెప్పేవి షట్టర్లు. అవి తెరుచుకునే వేళకు చెన్నైలో మంచి పూట గడిచిపోతుంది. మధ్యాహ్నం గదికి నడిచి రావచ్చు, నిజమే, కానీ నిద్ర పట్టాలి కదా. ఒక ఏడాది రంగనాథన్ వీధికి దగ్గరలో ఒక లాడ్జిలో దిగాం. కిటికీ కింద జనరేటరు. దాని పక్కన నైటీల కొట్టు ముందు ఒక కుర్రవాడు బల్లెక్కి చప్పట్లు కొడుతూ ‘వాంగ వాంగ’ అని జనాన్ని పిలుస్తూనే ఉన్నాడు. కరెంటు ఉన్నంతసేపూ అతడు, పోతే జనరేటరు. మూడు రోజుల్లో ఒక్క మధ్యాహ్నం కూడా కన్ను మూతపడలేదు. పెళ్లి చీరలు కొనాలంటే టి.నగర్‌ను మించింది లేదు. తీరికగా గడపడానికైతే వద్దు.

అసలు పోటీ మైలాపూరుకూ ట్రిప్లికేన్‌కూ మధ్యనే.

ట్రిప్లికేన్ అనేది తెల్లవాళ్ల నోట్లో నలిగిన పేరు, అసలు పేరు తిరువల్లిక్కేణి. అల్లి అంటే కలువ, కేణి అంటే కొలను. సముద్రం విషయంలో మైలాపూరు దీని ముందు నిలవదు. పార్థసారథి గుడి దగ్గర గది దొరికితే పావుగంట నడకలో మెరీనా. అయిదున్నరకు బయలుదేరితే సూర్యుడికన్నా ముందే ఇసుకలో ఉంటాం. తిరిగి వచ్చేసరికి గుళ్లో జనం పలచగా ఉంటారు. ఇక్కడి కృష్ణుడు అర్జునుడి సారథి, అందుకే మీసాలతో ఉంటాడు. ఉత్సవమూర్తి ముఖం మీది మచ్చలు భీష్ముడి బాణాల గాయాలంటారు. తరువాత రత్నా కేఫ్‌లో సాంబారు ఇడ్లీ. అక్కడ సాంబారు గిన్నెలో పక్కన పెట్టరు. ఇడ్లీలు మునిగేదాకా జగ్గుతో పోస్తారు, తగ్గగానే మళ్లీ పోస్తారు. మొదటిసారి నేను ‘చాలు’ అనడానికి చేయి అడ్డం పెట్టేలోపే పళ్లెం చెరువైంది.

పది నిమిషాలు ఇటు నడిస్తే ఆర్కాటు నవాబుల కాలపు వాలాజా మసీదు, అటు బీచి రోడ్డుకు పోతే అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డలు నిలవచేసిన ఐస్ హౌస్. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ కట్టడంలోనే. ఇప్పుడు అది ఆయన పేరనే ఉంది. ఇంత చరిత్ర ఇంత చిన్న పేటలో ఇమిడిపోవడం నాకు ముచ్చటగా ఉంటుంది.

మరి తక్కువేమిటి? గదులే. ఇక్కడ మ్యాన్షన్లని పిలిచేవి పేరుకు భవంతులు, నిజానికి ఒంటరి ఉద్యోగుల కోసం వరసగా కట్టిన అగ్గిపెట్టె గదులు. కొన్నింటిలో ఇప్పుడు రోజు అద్దెకూ ఇస్తున్నారు. మంచం, ఫ్యాను, ఒక కొక్కెం, అంతే. ఒక్కడినే వెళ్లినప్పుడు నాకు అది చాలు, చవక కూడా. కుటుంబంతో, అందులోనూ పెద్దవాళ్లతో వెళ్తే ఆ ఇరుకు వీధులు, ఆవులు, ఆటోలు, మోకాళ్లకు పరీక్ష పెట్టే మెట్లు కష్టం. మా ఆవిడను ఒకసారి తీసుకెళ్లాను. గది చూసి ‘మీరు ఇక్కడ ఉండండి, నేను సెంట్రల్‌లో వెయిటింగ్ రూములో ఉంటాను’ అంది.

మైలాపూరుకు నేను ఆలస్యంగా మారాను. గుడి తప్ప ఏముంది అనుకునేవాణ్ణి. పోయిన జనవరిలో దక్షిణ మాడ వీధి వెనక ఒక సందులో రెండో అంతస్తు గది దొరికింది. మొదటి రోజు అయిదింపావుకే మెలకువ వచ్చింది. కింద నీళ్లు చల్లుతున్న చప్పుడు. కిటికీలోంచి చూస్తే నైటీ మీద తువ్వాలు కప్పుకున్న ఒక పెద్దావిడ తడి వాకిట్లో చుక్కలు పెడుతోంది. పదిహేను చుక్కల వరస, ఎక్కడా వంకర లేదు. చుక్కలన్నీ పెట్టాక నడుం మీద చేయి వేసుకుని ఒక నిమిషం చూసి, వంగి, ఒక్క చుక్కను కాలి వేలితో చెరిపేసి మళ్లీ పెట్టింది. నాకు తేడా ఏమీ తెలియలేదు. ముగ్గు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. యాత్రకు వచ్చి చేసిన మొదటి పని అదే.

అక్కడి నుంచి రోజు దానంతట అదే నడుస్తుంది. కపాలీశ్వరుడి గుడి, పడమటి వైపు కోనేరు, చుట్టూ పూలు కట్టేవాళ్లు. రాయర్ మెస్ ఒక సన్నని సందులో ఉంటుంది. ముందు నిలబడాలి, పిలిస్తే లోపలికి వెళ్లాలి. ఇడ్లీ మీదికి గట్టి చట్నీ వేస్తారు, కారం మన నోటికి సరిపోతుంది. ఆ తరువాత లజ్ చర్చి రోడ్డులో నాగేశ్వరరావు పార్కు. ఆ నాగేశ్వరరావు మన కాశీనాథుని వారే. ఆంధ్రపత్రిక, అమృతాంజనం రెండూ ఆయనవే. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒడంబడిక రాసుకున్న శ్రీబాగ్ ఇక్కడి ఆయన ఇల్లే. పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణం విడిచింది కూడా మైలాపూరులోనే, బులుసు సాంబమూర్తి ఇంట్లో. రాయపేట హైరోడ్డులో స్మారక భవనం ఉంది. ఆంధ్ర రాష్ట్రం కోసం ఇంత జరిగిన పేటలో మనం పొంగలి తిని తిరిగొస్తుంటాం. ఒకసారి ఆ గుమ్మం దాకా వెళ్లి రావడం ధర్మం.

పదింటికి కచేరీ రోడ్డులో డబ్బా చెట్టి కొట్టు. శొంఠి, పిప్పళ్లు, లేహ్యాలు, పేరు తెలియని వేళ్లు. బామ్మ వంటింటి అలమర తెరిచినంత వాసన. పన్నెండుకు గది. నిద్ర. నాలుగింటికి కాళత్తి కొట్టులో రోజ్ మిల్క్. అది నిజానికి పత్రికలమ్మే చిన్న దుకాణం, కూర్చోవడానికి చోటుండదు. కాళత్తి అంటే తమిళంలో మన కాళహస్తే. గాజు గ్లాసు చల్లదనం అరచేతికి ఎక్కేదాకా పట్టుకుని, మూడు గుక్కల్లో తాగేస్తాం. చల్లబడ్డాక కచేరీ రోడ్డు వెంట తూర్పుకు నడిస్తే శాంతోమ్ చర్చి, దాని వెనక సముద్రం. మెరీనా అంత సందడి ఉండదు. డిసెంబరులో అయితే సాయంత్రాలు సంగీత సభలకు పోతాయి. తెలుగు రానివాళ్లు త్యాగరాజ కృతికి తల ఊపుతుంటే, తెలుగు వచ్చిన నేను సగం మాటలు పోల్చుకోలేక పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగిచూస్తుంటాను.

ఇవన్నీ గదికి నడక దూరంలోనే ఉండటం, మధ్యాహ్నం ఆ సందులో ఏ కేకా లేకపోవడం నా తీర్పుకు కారణం. ట్రిప్లికేన్ సముద్రానికి నేను ఇంకా ఆశపడతాను, కానీ నిద్ర మైలాపూరులోనే పడుతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. మంచి గదులు తక్కువ. డిసెంబరు కచేరీల రోజుల్లోనూ, మార్చి-ఏప్రిల్‌లో కపాలీశ్వరుడి గుడి పంగుణి ఉత్సవంలో అరవై ముగ్గురు నాయనార్ల (శివభక్తుల) ఊరేగింపు నాడూ ముందుగా చెప్పుకోకపోతే దొరకవు. మెట్రో పనుల కోసం లజ్ చుట్టుపక్కల రోడ్లు తవ్వి రేకులు అడ్డం కట్టారు, దాటడానికి చుట్టు తిరగాలి. కారు తీసుకెళ్లకండి, పెట్టుకోవడానికి చోటు లేదు. దోమలూ ఉన్నాయి. సెంట్రల్ నుంచి మాత్రం ఆటోవాళ్లతో బేరం అక్కర్లేదు. రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషనులో వేళచ్చేరి వైపు రైలు ఎక్కితే మూడో స్టేషను తిరువల్లిక్కేణి, ఆరోది తిరుమయిలై. ఏ పేట ఎంచుకున్నా రైలు ఒకటే.

ఎగ్మూరు గురించి కూడా అడుగుతారు. రైళ్లు దగ్గర, హోటళ్లు బోలెడు, వీధులకు మాత్రం ముఖం లేదు. దిగడానికి కాదు గానీ మ్యూజియం కోసం ఒక పూట కేటాయించాలి. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో అమరావతి స్తూపపు పలకలున్నాయి. మన కృష్ణ ఒడ్డున చెక్కిన రాళ్లు అక్కడ గోడకు వరసగా నిలబడి ఉంటాయి. మధ్యాహ్నం నిద్ర పట్టని దురదృష్టవంతులకు ఆ వేళ గడపడానికి అదే సరైన చోటు. శుక్రవారం సెలవు.

బెసంట్ నగర్ పిల్లలకు బాగుంటుంది, సాయంత్రానికి సరిపోతుంది. తూర్పు తీరపు రోడ్డు రిసార్టులంటారా, అది చెన్నై కాదు.

మా తోడల్లుడికి ఇదంతా చదివి వినిపించాను. ‘బాగుంది, మైలాపూరే ఖాయం’ అన్నాడు. నిన్న మళ్లీ ఫోను చేశాడు. మాఘంలో అమ్మాయి పెళ్లి కుదిరిందట, చీరలకు రెండు కుటుంబాలూ కలిసి వెళ్లాలట. మా ఆవిడ అప్పుడే పానగల్ పార్కు పక్కన మూడు గదులు చెప్పేసింది. జనరేటరు ఏ వైపు ఉందో కనుక్కోమన్నాను.