టొరంటో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్: గోలీల (గోల్‌కీపర్ల) కోసమైనా చూడవలసిన చోటు

1885 నాటి బ్యాంకు భవనాన్ని కలుపుకొని ఉన్న ఈ ఐస్ హాకీ ప్రదర్శనశాలకు చాలామంది ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా హాకీ లీగు) విజేతకిచ్చే స్టాన్లీ కప్పు కోసమే వస్తారు గానీ, నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి గోలీల మాస్కులే. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ప్రత్యర్థి ఆటగాడు ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ (గట్టి రబ్బరు బిళ్ల) ముఖాన్ని చీల్చగా, కుట్లు వేయించుకున్న మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్, మాస్కు లేనిదే మళ్లీ మంచు మీదికి రానని కోచ్ టో బ్లేక్‌కు తేల్చిచెప్పి, ఫైబర్‌గ్లాస్ మాస్కుతో తిరిగివచ్చి ఆ ఆట గెలిపించి, గోలీ వృత్తి స్వరూపాన్నే మార్చేశాడు. మాస్కు పిరికితనమన్న ఆనాటి అభిప్రాయాన్ని లెక్కచేయని ఆయనకు గోలీలకిచ్చే వెజినా ట్రోఫీ ఏడుసార్లు దక్కడం ఎంతో న్యాయంగా తోచింది. హాకీ ఆడే పిల్లలున్నవారు ఈ మాస్కుల దగ్గర తీరికగా గడపాలని గట్టిగా చెబుతాను.