ఆయిల్ హీటర్ నాలుగు చలికాలాలు వాడినంక చెప్తున్న ముచ్చట

మాది హనుమకొండ. ఆయిల్ రేడియేటర్ హీటర్, 11 ఫిన్నులది (ఫిన్నులంటే వేడిని గాలికిచ్చే నిలువు రేకులు), 2500 వాట్స్‌ది, నాలుగు చలికాలాల నుంచి వాడుతున్నం. వారం రోజులు వాడి రాసిన రివ్యూలు ఎన్ని చదివినా కరెంట్ బిల్లు సంగతి, ముసలోళ్ల సంగతి తెల్వదు, అందుకే వివరంగా రాస్తున్న. ఇల్లంత వెచ్చగా కావాలని కొనేటట్టయితే వద్దు. ముసలోళ్లో, ఆయాసం ఉన్నోళ్లో పడుకునే ఒక్క గది కోసమైతే ధైర్యంగా కొనండి, కానీ ఆ గది కిటికీలు తలుపుల సంగతి చూసినంకనే కొనండి.

మాకు ఇది మా బాపు కోసం కావాల్సి వచ్చింది. డెబ్బై దాటినయ్, ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడుతడు. ఆయన గది ఉత్తరం దిక్కు, ఎండ అస్సలు పడదు, పైన స్లాబు, కింద బండలు. మన దగ్గర చలేంటి, కశ్మీరా అని నవ్వేటోళ్లు ఉంటరు గానీ జనవరి మొదట్ల రాత్రి తొమ్మిదింటికి ఆ గదిల థర్మామీటర్ పెట్టి చూస్తే 17 డిగ్రీలు, తెల్లారగట్ల ఇంకా తక్కువ. చలికాలంల ఇంట్ల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018ల చెప్పింది, ముసలోళ్లకి, జబ్బు ఉన్నోళ్లకి ఇంకా ఎక్కువే కావచ్చు అంటది. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతది, చల్లగాలి పీలిస్తే ఆయాసం లేస్తది, మా బాపుకి ప్రతి ఏడు సంక్రాంతి ముందు ఇదే తిప్పలు ఉండేది.

హీటర్ ఎట్ల పనిచేస్తది అంటే లోపల ఆయిల్ సీల్ చేసి ఉంటది, అది కాలదు, తగ్గదు, మనం పోసేది ఏం లేదు. కాయిల్ ఆయిల్‌ని వేడి చేస్తది, ఫిన్నుల మీదికెళ్లి గాలి మెల్లగ వేడెక్కుతది. ఆన్ చేసిన ఇరవై నిమిషాల దాక ఏం తెల్వదు, ముప్పావు గంటకి మా గది 17 నుంచి 21కి వస్తది, ఆఫ్ చేసినంక కూడా ఇంకో అరగంట వెచ్చదనం ఇస్తనే ఉంటది. సప్పుడు లేదు, ఎర్రటి వెలుతురు లేదు, బాపు హాయిగా నిద్రపోతడు. దీనికి ముందు బ్లోయర్ ఉండె, రెండు నిమిషాలల్ల వేడి ఇస్తది గానీ ఆ హోరుకి, ముఖం మీద కొట్టే పొడి గాలికి బాపుకి దగ్గు ఆగకపోయేది.

ఇక్కడ ఒక మాట. షాపుల్ల "ఆయిల్ హీటర్ కరెంట్ తక్కువ తాగుతది" అని చెప్తరు, నమ్మకండి. బ్లోయర్ అయినా, ఎర్రగ వెలిగే హాలోజన్ హీటర్ అయినా, ఆయిల్ అయినా ఒక యూనిట్ కాలిస్తే ఒక యూనిట్ వేడే వస్తది, ఎక్కువ తక్కువ ఉండదు. తేడా ఉన్నదల్లా ఆ వేడి ఎట్ల వస్తది అన్నదే. హాల్ల కూసొని అరగంట టీవీ చూసేటోళ్లకి హాలోజనే నయం, గదిని కాకుండ మనిషిని కాస్తది, 400 వాట్స్ మీద పెట్టుకున్నా చాలు, కాకపోతే దుప్పట్లకి, పిల్లలకి మూడు ఫీట్ల దూరం ఉంచాలె. రాత్రి పడుకునే గదికి మాత్రం నేను హాలోజన్ పెట్టనే పెట్టను. నిజంగ కరెంట్ మిగిలేది హాట్ అండ్ కోల్డ్ ఏసీతోని, అది బయటి గాలిల ఉన్న వేడిని లోపలికి తెస్తది కాబట్టి యూనిట్‌కి మూడింతల దాక వేడి ఇస్తది, మీరు ఎట్లాగూ ఏసీ కొనేది ఉంటే అదే చూసుకోండి.

ఇగ బిల్లు. మొదటి చలికాలం 1500 వాట్స్ మీద పెట్టి రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాక నడిపిస్తే, గది వేడెక్కితే హీటర్‌ని తనంతట తానే ఆపే థర్మోస్టాట్ మధ్యల కట్ చేసినంక కూడా రోజుకి మూడు యూనిట్ల దగ్గర కాలింది, అంటే నెలకి తొంభై. మాకు చలికాలంల హీటర్ లేకుండ మామూలుగా 130 కాలుతది. తర్వాత 2024ల తెలంగాణ సర్కారు గృహజ్యోతి పథకం వచ్చింది, 200 యూనిట్ల లోపుంటే జీరో బిల్లు, దాటిందా, దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికి కట్టాలె. 130కి తొంభై కలిపితే 220, అయిపాయె. అట్లని హీటర్ బందు పెట్టలేదు, గదిని సరిచేసుడు మీద పడ్డం.

రాత్రి ఫ్యాన్ బందు చేసి అగరుబత్తి వెలిగించి కిటికీ అంచు పొంట మెల్లగ తిప్పితే పొగ నిటారుగ లేస్తున్నది కాస్త ఒక్కో చోట గబుక్కున లోపలికి వంగుతది, అక్కడ గాలి సొరబడుతున్నట్టు. మా గదిల మూల కిటికీ రెక్క కింద, తలుపు కింద, పాత కూలర్ కోసం కొట్టిన బొక్క దగ్గర దొరికింది. హార్డ్‌వేర్ షాపుల దొరికే ఫోమ్ టేప్, తలుపు కింద రబ్బరు పట్టీ, బొక్కకి థర్మకోల్ ముక్క, అంతా కలిపి ఐదు వందల లోపే అయింది. పైన వెంటిలేటర్ మాత్రం జరంత తెరిచే ఉంచినం, మనుషులు పడుకునే గదిని ఊపిరాడకుండ మూయొద్దు. బండల మీద కొత్తవాడ షత్రంజి పరిచినం, మందంగా నేసిన నూలుది, బాపు పొద్దున్నే కాలు కింద పెడితే ఝల్లుమనేది పోయింది. మన వరంగల్ షత్రంజీలకి 2018ల జీఐ గుర్తింపు కూడా వచ్చింది, ఇంట్ల పెండ్లిళ్లకి తెచ్చినయ్ మూలకి చుట్టి పెట్టేకంటే గదుల్ల పరుచుకోండి. మంచం బయటి గోడకి ఆనుకోకుండ ఒక జానెడు ఇవతలికి జరిపినం. చలికాలంల ఎండ దక్షిణం వాలి వస్తది కదా, పగలు దక్షిణం కిటికీలు, నడిమి తలుపులు తెరిచి పెట్టి నాలుగింటికల్లా మూసేస్తం. ఇవన్నీ చేసినంక అదే హీటర్ రోజుకి రెండు యూనిట్ల లోపే కాలుస్తున్నది, నెల మొత్తం 190 దగ్గర ఆగుతున్నది.

హీటర్‌ల నాకు కోపం తెప్పించేటివి కూడా చెప్తా. బరువు మస్తు, చక్రాలు ఉన్నా గడప దాటించాలంటే ఇద్దరు పట్టాలె. థర్మోస్టాట్ మీద డిగ్రీలు ఉండవు, ఒకటి నుంచి ఆరు దాక అంకెలే, అందుకే పక్కన వేరే థర్మామీటర్ పెట్టుకోక తప్పదు. వేడెక్కేటప్పుడు, చల్లారేటప్పుడు టిక్ టిక్ అంటది, కొత్తల భయపడ్డం గానీ అది ఇనుము సాగే సప్పుడే. 16 ఆంపియర్ పవర్ ప్లగ్ లేకుండా పెట్టనే పెట్టొద్దు, మా గల్లీల ఒకరింట్ల ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద పెడితే అది కరిగి గోడంతా నల్లగైంది. దాని మీద తడి బట్టలు ఆరేయొద్దు. గదిల గాలి పొడిగ అయితది అంటే నిజమే, మా దగ్గర తేమ 65 శాతం నుంచి 50కి వస్తది, బాపుకి ఇబ్బంది కాలేదు, పెదవులు పగిలేటోళ్లు గదిల ఒక తడి టవల్ దండెం మీద వేసుకోవచ్చు.

ఇంకోటి గట్టిగ చెప్పాలె. హీటర్ ఖర్చు ఎందుకని కొంతమంది బొగ్గుల కుంపటి గదిల పెట్టి తలుపు మూసుకుంటరు. పొగ లేదు కదా అనుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రల్నే పానం తీస్తది. మంట కాగాలంటే వాకిట్ల కాగండి. దాని బదులు రెండు బొంతలు, చెవులకి మఫ్లర్, కాళ్లకి సాక్సులు నయం.

మా అక్కవాళ్లది కాగజ్‌నగర్, అక్కడ డిసెంబర్ల సింగిల్ డిజిట్‌కి పోవుడు మామూలే, వాళ్ల అత్తమ్మ కోసం ఇదే హీటర్ కొందామని అడుగుతున్నది. పది వేల దాక పెట్టే ముందు కొత్తవాడ నుంచి రెండు షత్రంజీలు, ఫోమ్ టేప్ కట్టలు తీసుకుని ఈ ఆదివారం నేనే పోతున్న. అవి వేసినంక రాత్రి గది ఎన్ని డిగ్రీలు ఉంటదో చూసి 9 ఫిన్నులది సరిపోతదా, 11 కావాలెనా అన్నది అప్పుడు చెప్తా.