హెచ్‌ఎంసీ5883ఎల్ మాడ్యూల్ కొంటున్నారా? పిన్నులు సోల్డర్ చేసే ముందు ఇది చదవండి

నూజివీడు దగ్గర మా మామిడి తోటలో గేటు నుంచి ఇంటి దాకా నూట యాభై మీటర్ల మట్టిదారి. కోతల రోజుల్లో ఏ లారీ ఎప్పుడు లోపలికి వస్తుందో ఇంట్లో వాళ్లకు తెలియదు. నాన్నగారికి వినికిడి తగ్గింది, హారన్ కొట్టినా వినబడదు. బండి గేటు దాటగానే ఆయన కుర్చీ పక్కన బజర్ మోగి, ఎర్ర లైటు వెలిగేలా నేనే ఏదో ఒకటి తయారు చేద్దామనుకున్నాను.

ముందు హెచ్‌సీ-ఎస్ఆర్501 పీఐఆర్ సెన్సార్ పెట్టాను. అది వేడిలో తేడాను పసిగట్టేది. మే నెల మధ్యాహ్నం నేల, గాలి, మనిషి ఒళ్లు ఇంచుమించు ఒకే వేడిలో ఉంటే దానికి కనబడే తేడా ఎంత? పగలు మనుషులు నడిచి వెళ్లినా ఉలకలేదు, రాత్రి కుక్క దాటితే మాత్రం మోత. తరువాత తెచ్చిన ఆర్‌సీడబ్ల్యూఎల్-0516 రాడార్ ముక్క గాలికి కొమ్మ ఊగినా మోగింది. వాటిని తప్పు పట్టను, వాటి స్వభావమే అంత. నా గొడవంతా మూడోదానితో.

కుక్కనూ కొమ్మనూ పట్టించుకోకుండా ఇనుము కదలికనే చూసేది మాగ్నెటోమీటర్. భూమి అయస్కాంత క్షేత్రంలో బండి తెచ్చే చిన్న మార్పును అది కొలుస్తుంది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర హెచ్‌ఎంసీ5883ఎల్ అనే మాగ్నెటోమీటర్ చిప్ ఉన్న మాడ్యూళ్లు నాలుగు కొన్నాను. ప్రకటనలో అదే పేరు, బోర్డు వెనక అచ్చులోనూ అదే పేరు. పిన్నులు సోల్డర్ చేసి ఆర్డ్వినో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపితే మూడు అక్షాల్లోనూ సున్నాలే వచ్చాయి. వైర్లు మార్చాను. సోల్డరింగ్ సరిగా రాలేదేమోనని మళ్లీ చేశాను. నాలుగు సాయంత్రాలు నన్ను నేనే తిట్టుకున్నాను.

సెన్సార్, బోర్డు రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి ఐ2సీ, అందులో ఒక్కో చిప్‌కు ఒక అంకె చిరునామా. ఐదో రోజు ఆ చిరునామాలు వెతికే చిన్న ప్రోగ్రామ్ నడిపితే అసలు సంగతి బయటపడింది. హెచ్‌ఎంసీ5883ఎల్ పలకవలసిన చిరునామా 30, పదహారు ఆధారంగా రాసే హెక్సాడెసిమల్ లెక్కలో 1ఈ. నా బోర్డు 13 దగ్గర, అంటే 0డి దగ్గర పలికింది. అది క్యూఎంసీ5883ఎల్ అనే వేరే చిప్ చిరునామా. భూతద్దం పెట్టి చూస్తే చిప్ మీద ఎల్883 అని లేదు, డీఏ5883 అని ఉంది. నాలుగూ అంతే. హనీవెల్ కంపెనీ హెచ్‌ఎంసీ5883ఎల్ తయారీ ఆపేసి ఏళ్లయింది, పేరు మాత్రం ప్రకటనల్లో ఇంకా బతికే ఉంది.

అమ్మకందారుకు రాస్తే వచ్చిన జవాబు: ‘రెండూ ఒకటే సార్, పని చేస్తుంది.’ ఒకటి కావు. రిజిస్టర్లు, అంటే చిప్ లోపల కొలతలూ సెట్టింగులూ ఉండే గడులు, వేరు, కొలతలు వచ్చే వరస వేరు, ఒకదాన్ని చదివే రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ) రెండోదానికి పనికిరాదు. ఇక పిన్నులు సోల్డర్ చేశాను కనుక అది వాడిన సరుకట, వాపసు తీసుకోరట. కాబట్టి మీరు పొట్లం విప్పిన రోజే చిప్ మీది అక్షరాలు ఫోనులో ఫొటో తీసుకోండి. వేరే అక్షరాలుంటే పిన్నుల జోలికి పోకుండా తిప్పి పంపండి.

నిజం చెప్పాలంటే క్యూఎంసీ చెడ్డది కాదు. దాని లైబ్రరీ వేసుకుంటే పని చేస్తోంది. వేరే పేరుతో అంటగట్టడమే నా ఫిర్యాదు. అదే ప్రకటనలో ‘ఐదు మీటర్ల దూరం నుంచి కారును పట్టేస్తుంది’ అని కూడా రాశారు. నమ్మకండి. దూరం రెట్టింపైతే బండి ప్రభావం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మా దారి అంచున పీవీసీ గొట్టంలో పాతితే మీటరు దూరంలో వెళ్లే కారు స్పష్టంగా తెలిసింది, మోటార్‌సైకిల్ అవతలి అంచున పోతే తెలియలేదు. నానోను కూడా ఆ గొట్టంలోనే పెట్టాను. ఐ2సీ తీగలు దగ్గరి దూరాలకే గాని ఇంటి దాకా లాగడానికి కావు.

మొదట గేటు పక్కనే పాతడం నా సొంత తెలివి. ఇనుప గేటు తెరిచినప్పుడల్లా బజర్ మోగేది. నాన్నగారు రెండు సార్లు లేచి బయటికి వచ్చి, ఎవరూ లేరని చూసి, మూడోసారి లైటు మీద తువ్వాలు కప్పేశారు. ఇప్పుడు గేటుకు పన్నెండు అడుగులు లోపలికి జరిపాను. తువ్వాలు ఇంకా తీయలేదు.