నెట్‌వర్క్స్ వాడి చూశాక: కంప్యూటర్ డేటా లెక్కలో ఏది తేలుతుంది, ఏది తేలదు

ఈ నెల కంప్యూటర్ ఎంత డేటా మింగిందో తెలిస్తే చాలనుకునేవారికి నెట్‌వర్క్స్ (NetWorx) అనే డేటా లెక్కల ప్రోగ్రామ్ అక్కర్లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ అనే పేజీ ఉంది. గత 30 రోజుల్లో ఏ ప్రోగ్రామ్ ఎంత వాడిందో అక్కడ వరుసగా కనిపిస్తుంది. బిల్లు మొదలయ్యే తేదీ చెప్పి నెలవారీ పరిమితి కూడా పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. అయినా నేను ఏళ్ల తరబడి నెట్‌వర్క్స్‌నే అంటిపెట్టుకుని ఉన్నానంటే కారణం ఒక్కటే. డేటా ఏ గంటలో పోయిందో విండోస్ చెప్పదు, ఇది చెబుతుంది.

సాఫ్ట్‌పర్ఫెక్ట్ సంస్థ తయారుచేసిన చిన్న ప్రోగ్రామ్ ఇది. 5వ వెర్షన్ వరకు ఉచితం, 6 నుంచి కొనాల్సిందే. కొనేముందు 30 రోజులు ఊరికే వాడి చూడవచ్చు. గడియారం పక్కన మూలన కూర్చుని వచ్చిన డేటాను, పోయిన డేటాను విడివిడిగా రాసుకుంటుంది. గంటలవారీగా, రోజువారీగా, నెలవారీగా పట్టికలు ఇస్తుంది, వాటిని ఎక్సెల్‌లోకి తీసుకోవచ్చు. వేగం కొలవడం లాంటి అదనపు హంగులు కొన్ని ఉన్నాయి కానీ నేను వాటి జోలికి పోలేదు.

దీని విలువ నాకు తెలిసింది అప్‌లోడ్ దగ్గర. మేముండేది చెన్నై పెరంబూరులో. ఒక ఉదయం ఆఫీసు వీడియో కాల్‌లో నా మాట అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. గ్రాఫ్ తెరిస్తే డౌన్‌లోడ్ గీత నేలను కరుచుకుని ఉంది, అప్‌లోడ్ గీత మాత్రం పైఅంచుకు తగిలి దిగనంటోంది. గంటల పట్టికలో చూస్తే రాత్రి పదకొండు నుంచి అదే వరస. తమ్ముణ్ణి పిలిచి అడిగాను.

“నెల్లూరు పెళ్లి వీడియోలు ఫోల్డర్‌లో పెట్టానంతే అన్నయ్యా, నేనేమీ పంపలేదు” అన్నాడు.

నిజమే, పంపింది వాడు కాదు. ఆ ఫోల్డర్‌ను క్లౌడ్‌తో జతచేసిన ప్రోగ్రామ్ రాత్రంతా జీబీలకు జీబీలు మోసింది. డేటా అనగానే మనకు సినిమాలు, డౌన్‌లోడ్లే గుర్తుకొస్తాయి. మా ప్లానులో రానూ పోనూ రెండూ కలిపి లెక్కిస్తారు. పైగా అప్‌లోడ్ దారి నిండిపోతే డౌన్‌లోడ్ ఖాళీగా ఉన్నా కాల్ తెగుతుంది. గంట తెలియకపోతే ఆపరేటరునే తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

రెండో ఉపకారం 2023 డిసెంబరులో. మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపే చెన్నైని ముంచింది. కరెంటు వచ్చాక కూడా మా వీధికి ఫైబర్ రాలేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీదే ఆఫీసు పని, రోజుకు 2 జీబీ. అప్పుడు చేసిన పనులు రెండు. ఆ వైఫైని విండోస్‌లో మీటర్డ్ కనెక్షన్‌గా, అంటే డేటా పొదుపుగా వాడాల్సిన లైనుగా మార్చాను. దాంతో అప్‌డేట్లు చాలావరకు ఆగిపోయాయి. నెట్‌వర్క్స్‌లో రోజు కోటా 2 జీబీ అని పెట్టి, 80 శాతం దగ్గర హెచ్చరించమన్నాను. మధ్యాహ్నానికే హెచ్చరిక వచ్చిందంటే సాయంత్రం కాల్‌లో కెమెరా కట్. కరవు రోజుల్లో ఇంతకంటే అక్కరకొచ్చే సాధనం మరొకటి లేదనిపించింది.

ఇక లోటుపాట్లు. పెట్టుకోగానే చేయాల్సిన పని, లోకల్ ట్రాఫిక్‌ను లెక్కలోంచి తీసేయమని టిక్ పెట్టడం. లేకపోతే ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి వైఫై మీద ఫైళ్లు కాపీ చేసినా ఇంటర్నెట్ ఖాతాలో పడుతుంది. ఇంకో తిరకాసు కొలమానంలో ఉంది. సర్వీసు ఇచ్చేవాళ్లు సాధారణంగా జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కిస్తారు. విండోస్ 1024 చొప్పున గుణించుకుంటూ పోతుంది. వాళ్ల 500 జీబీ ఆ లెక్కన దాదాపు 466 మాత్రమే. ఆ 34 జీబీ ఎవరూ దొంగిలించలేదు, కొలపాత్ర వేరు, అంతే.

అన్నిటికంటే పెద్ద పరిమితి, ఇది ఒక్క కంప్యూటర్ లెక్క. నెల మధ్యలోనే కోటా అయిపోయిందని మెసేజ్ వస్తే, పట్టిక చేత పట్టుకుని ఆపరేటరుతో వాదనకు దిగాను. “మరి టీవీ, ఫోన్ల సంగతేమిటి సార్?” అన్నాడు. జవాబు లేదు. హెచ్‌డీలో గంటకు 3 జీబీ వరకు, 4కేలో 7 జీబీ వరకు అవుతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. హాల్లో టీవీ రోజుకు మూడు గంటలు 4కేలో ఆడితే నెలకు 630 జీబీ. నా కంప్యూటర్ దాని ముందు పిపీలికం. మొత్తం ఇంటి లెక్క కావాలంటే రౌటర్ దగ్గరే తీసుకోవాలి. రౌటర్‌కు ఎస్ఎన్ఎంపీ సౌకర్యం (తన లెక్కలను వేరే ప్రోగ్రామ్ అడిగితే చెప్పే పద్ధతి) ఉంటే నెట్‌వర్క్స్ ఆ అంకెలనూ చదవగలదు. మా ఆపరేటరు ఇచ్చిన పెట్టెకు అది లేదు.

ఇంటి నుంచి పనిచేసేవారు, హాట్‌స్పాట్ మీద బతికేవారు డబ్బు పెట్టినా నష్టపోరు. ఇంట్లో టీవీయే రాజైతే కొనకండి, రౌటర్ మార్చుకోండి. లినక్స్ వాడేవారికి వీఎన్‌స్టాట్ అనే ఇలాంటి ప్రోగ్రామ్ ఉచితంగానే ఉంది. గంటల పట్టిక అదీ ఇస్తుంది, కాకపోతే ఏ ప్రోగ్రామ్ తిన్నదో చెప్పదు.